కోలారు కొండ ఎక్కి, కేజీఎఫ్ నడిచి: బెంగళూరు నుంచి ఒక్క రోజులో ఎలా వెళ్ళిరావాలి

బెంగళూరు తెలుగువాళ్ళలో కోలారు దాటనివాళ్ళు తక్కువ. తిరుపతి బస్సైనా, చిత్తూరు కారైనా ఆ ఊరి మీదుగానే పోతుంది. దాటడమే తప్ప దిగడం ఉండదు. దిగితే ఊరికి ఆనుకునే అంతరగంగె కొండ ఉంది. బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుకుని, వాటి మధ్య గుహలు, పైన ఊళ్ళూ పొలాలూ ఉన్న కొండ అది. అక్కడి నుంచి 30 కిలోమీటర్లు పోతే 1880 నుంచి 2001 దాకా బంగారం తవ్విన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. రెండిటినీ విడివిడిగా చూసొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకే రోజు, ఇదే వరసలో, కాలినడకన చూడండి అంటాను నేను. పొద్దున కొండ మీద లేత రంగు గ్రానైట్‌ని చేత్తో పట్టుకుని ఎక్కినవాళ్ళకి మధ్యాహ్నం కేజీఎఫ్‌లో నల్లరాయి కనపడగానే, బంగారం ఇక్కడ కాకుండా అక్కడే ఎందుకు పడిందో సగం అర్థమైపోతుంది. మిగతా సగం ఆ ఊళ్ళో నడిస్తే తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. మార్చి దాటితే పది గంటలకే బండ కాలుతుంది, కేజీఎఫ్‌లో గాలికి దుమ్ము లేస్తుంది. వానాకాలంలో కొండ పచ్చగా, చాలా అందంగా ఉంటుంది కానీ తడి గ్రానైట్ మీద కాలు నిలవదు. ముందు రాత్రి వాన పడి ఉంటే గుడి వరకు వెళ్ళి ఆగిపోండి, గుహల జోలికి వద్దు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు భక్తులు బాగా వస్తారు. దర్శనం కోసమైతే అప్పుడే వెళ్ళండి, నడక కోసమైతే వేరే రోజు చూసుకోండి. వీలైతే మామూలు పనిదినం మంచిది. ఎందుకో రైలు దగ్గర చెబుతాను.

ముందు రోజు చేసుకోవాల్సినవి

మొదట అనుమతి. కర్ణాటక అటవీ శాఖ ట్రెక్కింగ్ దారులకు అరణ్య విహార అనే వెబ్‌సైట్‌లో బుకింగ్ పెట్టింది. గుడి మెట్లు ఎక్కడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గుడి దాటి గుహల వైపు, పై కొండకు వెళ్ళాలనుకుంటే ఆ వారానికి నియమం ఏముందో ఆ సైట్‌లో చూసుకుని బయలుదేరండి. రాత్రి ట్రెక్ అని ఎవరైనా వాట్సాప్‌లో డబ్బు కట్టమంటే, అటవీ శాఖ అనుమతి కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే వదిలేయండి.

తర్వాత సంచి. చిన్నది, వీపుకి అతుక్కునేది తీసుకోండి. గుహల్లో సందులు ఇరుకు, పెద్ద బ్యాగు ఇరుక్కుపోతుంది. మనిషికి రెండున్నర లీటర్ల నీళ్ళు కావాలి. తలకి కట్టుకునే టార్చ్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ లైటు పట్టుకుని రాళ్ళ మధ్య దిగడం ప్రమాదం. అడుగు అరగని రబ్బరు సోల్ బూట్లు, ముళ్ళ పొదలకి తట్టుకునే నిండు ప్యాంటు వేసుకోండి. కేజీఎఫ్ కోసం ఎన్95 మాస్క్ తప్పకుండా పెట్టుకోండి. ఇది ఏదో పేరుకి చెప్పడం లేదు, కారణం కింద రాశాను.

తినేవన్నీ సంచి లోపల, జిప్పు వేసి ఉండాలి. అంతరగంగెలో కోతులు చాలా ఎక్కువ. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అందులో ఏముందో చూడకుండానే లాక్కుంటాయి. పదేళ్ళ లోపు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వస్తుంటే గుడి వరకే ప్లాన్ చేసుకోండి. అమ్మమ్మా తాతయ్యలు గుడి దగ్గర నీడలో కూర్చుంటే మిగతావాళ్ళు పైకెళ్ళి రావచ్చు.

బస్సులో వెళ్ళి రైల్లో రావడం

కారు ఉన్నా తీసుకెళ్ళకండి. కారు పెట్టిన చోటికే మళ్ళీ రావాలి కాబట్టి కేజీఎఫ్‌లో ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివర ముగించే నడక కుదరదు. ఆ నడకే ఈ రోజుకి ప్రాణం.

కోలారు బెంగళూరుకి సుమారు 70 కిలోమీటర్లు. మెజెస్టిక్ నుంచి కేఎస్‌ఆర్‌టీసీ బస్సులు పొద్దున్నుంచే ఉంటాయి. కె.ఆర్.పురం, హొసకోటె వైపు ఉండేవాళ్ళు పాత మద్రాసు రోడ్డు మీదే ఎక్కొచ్చు. ఐదున్నరకల్లా బస్సులో ఉంటే హొసకోటె దాకా ట్రాఫిక్ టెన్షన్ ఉండదు, ఎనిమిది లోపే కొండ దగ్గర ఉంటారు. కోలారు బస్టాండు దగ్గర టిఫిన్ చేసేయండి. ముళబాగిలు దోసె అని బోర్డు కనిపిస్తే అదే తినండి. బయట కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే దోసె, నెయ్యి ధారాళంగా వేస్తారు. కొండ కిందికి ఆటోలో వెళ్ళండి, బేరం ఎక్కే ముందే కుదుర్చుకోండి. భాష గురించి బెంగ వద్దు. కోలారు జిల్లా పల్లెల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు చాలామంది. "అన్నా, కొండకి దావ యెట్ల?" అంటే జవాబు తెలుగులోనే వస్తుంది.

కొండ

మెట్లు ఎక్కితే కాశీ విశ్వేశ్వరుడి గుడి, దాని ముందు కోనేరు. రాతి బసవన్న నోట్లోంచి నీళ్ళు కోనేట్లోకి పడుతుంటాయి. ఏడాది పొడవునా పడతాయి. కోలారు జిల్లాలో ఏడాదంతా పారే నది ఒక్కటి కూడా లేదు. బోర్లు వందల అడుగులు దిగిన జిల్లా ఇది. ఆ సంగతి తెలిసి చూస్తే ఈ సన్నటి ధార విలువ తెలుస్తుంది. కొండ మీద పడిన వాన పగుళ్ళలోకి ఇంకి, నిదానంగా కిందికి జారి, ఒక చోట బయటపడుతుంది. భక్తులు దాన్ని తీర్థంగా సీసాల్లో పట్టుకెళతారు. అక్కడ సబ్బుతో చేతులు కడగడం, బిస్కెట్ కవర్లు పడేయడం చేయకండి.

గుడి పక్క నుంచి పైకి వెళితే మెట్లు పోయి బండలు వస్తాయి. ఇక్కడ కాసేపు ఆగి రాయిని చూడండి. ఎక్కడైనా కొత్తగా విరిగిన ముఖం దొరికితే దగ్గరగా చూడండి. తెల్లగా, లేత గులాబీగా కనిపించేది ఫెల్డ్‌స్పార్. గాజులా మెరిసేది పలుగురాయి. మధ్యలో నల్లటి చుక్కలు అభ్రకం, దాని చుట్టాలు. భూమి లోతుల్లో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితే ఇలా గింజలు గింజలుగా గడ్డకడుతుంది. ఈ రంగు, ఈ గింజ గుర్తుపెట్టుకోండి, లేదా ఒక ఫోటో తీసుకోండి. మధ్యాహ్నం పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ గుండ్రటి బండలు ఎక్కడి నుంచో దొర్లి వచ్చినవి కావు. గ్రానైట్‌లో నిలువు, అడ్డ పగుళ్ళు ఉంటాయి. వాటిలోకి నీరు దిగి, అంచులను, మూలలను ముందు తినేస్తుంది. మూలలు పోయిన దిమ్మె గుండ్రంగా మిగులుతుంది. మధ్యలో పొడైన మట్టి వానకి కొట్టుకుపోతే మిగిలిన ఖాళీలే ఈ గుహలు. అందుకే ఇవి సొరంగాల్లా ఉండవు. పైన ఆకాశం సందుల్లోంచి కనిపిస్తూ, మలుపు మలుపుకీ ఎత్తు మారుతూ పోతాయి.

గుహల్లోకి దిగే పద్ధతి ఇది. కనీసం ముగ్గురు ఉండండి. దారి తెలిసిన స్థానికుడిని వెంట పెట్టుకోండి. బాణం గుర్తులు నమ్ముకుని సొంతంగా దిగితే అవి ఎవరు ఎటు వెళ్ళడానికి వేశారో తెలియదు. సంచి తీసి ముందు కిందికి అందించాలి. దిగేటప్పుడు రాయి వైపు తిరిగి, కాళ్ళు ముందు దించాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ రాయి మీద ఉండాలి, ఒక్కటే కదలాలి. దూకొద్దు, అడుగున్నర ఎత్తైనా సరే. గుహల్లో మడమ బెణికితే బయటికి మోసుకురావడం ఎంత కష్టమో ఆ సందులు చూస్తే మీకే తెలుస్తుంది. చెయ్యి పెట్టబోయే సందులో టార్చ్ వేసి చూశాకే పెట్టండి. ఇరుకులో ఊపిరాడనట్టు అనిపించే అలవాటు ఉంటే మొహమాటపడకుండా బయటే ఉండిపోండి. గుహలు చూడకపోయినా పైదారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఆ పైదారి కొండ నెత్తికి చేరుస్తుంది. అక్కడ చదునుగా ఉంటుంది. శతశృంగ పర్వతమని పిలిచే ఈ కొండల వరస మీద పల్లెలున్నాయి, రాగి చేలున్నాయి, మేకలు మేస్తుంటాయి. చేల గట్ల మీదే నడవండి. అంచు దగ్గరికొస్తే కోలారు ఊరు, దాని చెరువు కనిపిస్తాయి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కేసీ వ్యాలీ పథకం కింద పైపుల్లో కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. మన బాత్రూముల్లోంచి పోయిన నీళ్ళు ఈ జిల్లా చెరువులను నింపుతున్నాయి. ఆ నీటి శుద్ధి సరిపోదని ఇక్కడి రైతులు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. బెంగళూరులో ఉంటూ ఇది చూడడానికి వచ్చినప్పుడు ఆ సంగతి మనం తెలుసుకోవాలి.

పదిన్నర కల్లా దిగడం మొదలుపెట్టండి. దిగేటప్పుడే కాళ్ళు అలసి జారేది.

కోలారు నుంచి కేజీఎఫ్

కోలారమ్మ గుడి, సోమేశ్వరుడి గుడి ఊళ్ళోనే ఉన్నాయి. రెండూ గంటల కొద్దీ చూడదగ్గవే, కానీ ఈ రోజుకి కాదు. బస్టాండుకి వచ్చి కేజీఎఫ్ బస్సు ఎక్కండి. దిగాల్సింది రాబర్ట్‌సన్‌పేటలో. గంట ప్రయాణం.

బస్సులో కూర్చుని చదువుకోడానికి ఒక చిన్న పాఠం. కోలారు చుట్టూ అంతా గ్రానైట్, దాని బంధువైన నీస్ రాయి. వాటి మధ్యలో ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, కొద్ది కిలోమీటర్ల వెడల్పున ఒక నల్లరాతి పట్టీ ఉంది. దాన్నే కోలారు షిస్ట్ బెల్ట్ అంటారు. దాదాపు 270 కోట్ల ఏళ్ళ కిందటి లావా అది. వేడికీ ఒత్తిడికీ మారి గట్టి నల్లరాయి అయింది. తర్వాత దానిలో పడిన పగుళ్ళ గుండా లోతుల నుంచి వేడి ద్రవాలు పైకి వచ్చాయి. అవి చల్లారినప్పుడు పలుగురాయి పేరుకుంది, దానితోపాటే బంగారం కూడా. పొద్దున మీరు ఎక్కిన కొండ ఆ పట్టీకి బయట ఉంది. అంతే తేడా. ఈ పట్టీ దక్షిణపు కొస మన చిత్తూరు జిల్లాలోకి దిగుతుంది. కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం గనులు దాని మీదివే. వాటినీ కేజీఎఫ్ కంపెనీయే నడిపింది.

గనుల ఊళ్ళో నడక

రాబర్ట్‌సన్‌పేటలో భోజనం చేయండి. ఇక్కడ వీధుల్లో తమిళం ఎక్కువ వినిపిస్తుంది. గనుల్లో పనికి ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు కూడా వచ్చారు. నడక దక్షిణంగా సాగుతుంది: రాబర్ట్‌సన్‌పేట, ఊరిగాం, చాంపియన్ రీఫ్స్, చివరికి మారికుప్పం స్టేషన్. అంతా తారు రోడ్డే, కొండ ఎక్కిన కాళ్ళకి కష్టం కాదు. అటూ ఇటూ చూస్తూ పోతే మూడు గంటలు పెట్టుకోండి. అలసిపోతే మధ్యలో ఊరిగాం, చాంపియన్ దగ్గర కూడా రైల్వే స్టేషన్లున్నాయి.

1802లో వారెన్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్ మైసూరు సరిహద్దు సర్వే చేస్తూ, ఈ చుట్టుపక్కల మట్టిలో బంగారం ఉందని విన్నాడు. పల్లెవాళ్ళు మట్టి తెచ్చి అతని ముందే కడిగి, రేణువులు చూపించారు. అంటే గని కంపెనీలకు చాలా ముందే ఇక్కడివాళ్ళకి ఆ సంగతి తెలుసు. 1875లో మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు తవ్వుకోడానికి అనుమతి సంపాదించాడు. బెంగళూరులో లావెల్ రోడ్డు అతని పేరు మీదిదే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ గని కంపెనీ వచ్చాక అసలు తవ్వకం మొదలైంది. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల తీగ లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుత్ దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో.

రోడ్డు మీద నుంచే ఇనుప గోపురాల్లాంటివి కనిపిస్తాయి, నెత్తిన పెద్ద చక్రాలతో. వాటిని హెడ్‌గేర్ అంటారు. కింద ఉన్నది షాఫ్ట్, అంటే నిలువు గని బావి. ఆ చక్రాల మీదుగా తాడు వెళ్ళి, మనుషులున్న పంజరాన్ని దించేది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనుంచి చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. తవ్విన చోట చుట్టూ ఉన్న రాయి మీద ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా పేలినట్టు పగిలేది. దాన్నే రాక్ బరస్ట్ అంటారు. దాని అదురు పైన ఊళ్ళో ఇళ్ళకి తెలిసేది. అదురు వచ్చినప్పుడల్లా, కింద షిఫ్టులో ఉన్నది ఎవరని ఇళ్ళన్నీ బయటికొచ్చి నిలబడే ఊరు ఇది. అదే లోతు సైన్సుకీ పనికొచ్చింది. పైన కిలోమీటర్ల మందం రాయి అడ్డు ఉండడంతో మిగతా కణాలు ఆగిపోతాయి. వాతావరణంలో పుట్టి, అంత రాయిని కూడా దాటిపోయే న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ ప్రపంచంలో మొదట పట్టుకున్న ప్రయోగాల్లో ఒకటి 1965లో ఇక్కడే జరిగింది.

ఇప్పుడు పొద్దున తీసుకున్న ఫోటో తీయండి. పాత గోడల్లో, రోడ్డు పక్క రాళ్ళలో ముదురు, పచ్చదనం కలిసిన నల్లరాయి వెతకండి. గింజలు కంటికి విడిగా కనపడవు, చేతికి బరువుగా ఉంటుంది. అక్కడక్కడ దానిలో తెల్లటి పలుగురాతి చార కనిపిస్తే, మనుషులు మూడు కిలోమీటర్ల లోతు దాకా వెంటపడి పోయింది అలాంటి చారల కోసమే అనుకోండి. చూసి అక్కడే పెట్టేయండి.

సైనైడ్ దిబ్బలు

ఈ ఊళ్ళో కొండల్లా కనిపించే బూడిద రంగు దిబ్బలు మనుషులు పోసినవి. తవ్విన రాయిని గోధుమపిండి అంత మెత్తగా దంచి, సైనైడ్ ద్రావణంలో నానబెడితే బంగారం కరిగి నీళ్ళలోకి వస్తుంది. మిగిలిన పొడిని బయట పోశారు. అలా మూడు కోట్ల టన్నులకు పైగా పేరుకుంది. టన్ను రాయికి వచ్చే బంగారం గ్రాముల్లో ఉంటుంది, మిగతాదంతా ఈ దిబ్బే. వానకి కోసుకుపోయిన దిబ్బ వాలు చాలా అందంగా ఉంటుంది, ఫోటోలకి అందరూ అందుకే ఎగబడతారు.

దిబ్బ ఎక్కకండి. అది ప్రభుత్వ గని కంపెనీ స్థలం, అనుమతి లేకుండా వెళ్ళడం నేరం అన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఆ పొడి. సన్నటి రాతి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. ఇక్కడ గని కార్మికులు సిలికోసిస్‌తో మంచాన పడింది అలాంటి ధూళి వల్లే. గాలి వీచే రోజు రోడ్డు మీద కూడా మాస్క్ తీయకండి. పొడి వాలు కాలు కింద కూలుతుంది కూడా. కంచె దాటి పాత గని కట్టడాల్లోకి అసలే వెళ్ళొద్దు, మూసిన షాఫ్టుల మీద కప్పు ఎంత గట్టిదో పైనుంచి చూస్తే తెలియదు. రోడ్డు మీద నిలబడి చూసినా దిబ్బ పూర్తిగా కనిపిస్తుంది.

దారిలో వరసగా చిన్న చిన్న ఇళ్ళు వస్తాయి. వాటిని లైన్లు అంటారు. గని కార్మికుల కోసం కట్టినవి, ఇప్పుడూ వాళ్ళ కుటుంబాలే ఉంటున్నాయి. ఆ ఇళ్ళని, గుమ్మంలో కూర్చున్నవాళ్ళని అడగకుండా ఫోటో తీయకండి. పెద్దవాళ్ళెవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడండి. బంగారం ఎంత చూశారు, ఎవరైనా దొంగిలించేవాళ్ళా అని అడగొద్దు, వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు. "ఏ షాఫ్ట్‌లో చేశారయ్యా? ఎన్నో లెవెల్?" అని అడగండి. పని గురించి గౌరవంగా అడిగితే ఆ మనిషి ముఖమే మారిపోతుంది. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. అలాంటి మాట దొరికితే రైలు ఒకటి తప్పినా ఫర్వాలేదు, తర్వాతిది చూసుకోండి.

తిరుగు రైలు

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఈ ఊరికి బతుకు బెంగళూరు రైల్లోకి మారింది. వేలమంది తెల్లవారుజామున బెంగళూరుకి ఎక్కి, రాత్రికి తిరిగొస్తారు. పనిదినం మంచిదని పైన అన్నది అందుకే. సాయంత్రం రద్దీ అంతా కేజీఎఫ్ వైపు, మీరు వెళ్ళేది ఎదురు దిశలో. మారికుప్పం ఈ లైనుకి మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. సమయాలు మారుతుంటాయి, ఆ రోజు పొద్దున్నే రైల్వే యాప్‌లో చూసి, చివరి బండికి కాకుండా దాని ముందు బండికి గురి పెట్టండి.

నేరుగా బండి లేకపోతే బస్సులో బంగారపేట చేరండి. అది బెంగళూరు–చెన్నై మెయిన్ లైను మీద ఉంది, రైళ్ళకు లోటు లేదు. అక్కడ గంట ఖాళీ దొరికితే స్టేషన్ బయట పానీపూరీ తినండి. పానీ రంగు లేకుండా తేటగా ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే మాత్రం కారం తెలుస్తుంది. మెట్రో కావాల్సినవాళ్ళు కె.ఆర్.పురంలోనో బైయప్పనహళ్ళిలోనో దిగొచ్చు. ఇంటికి రాగానే బూట్లు బయటే విప్పి, ఆ రోజు బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి.